సోమవారం అయ్యగారిని పిలవకండి

మా చర్చి సంఘపు వ్యవహారాలు చూసే పాస్టరేట్ కమిటీలో కోశాధికారిగా నాకిది మూడో సంవత్సరం. మొన్న మార్చిలో జరిగిన బడ్జెట్ సమావేశంలో గుడి మైకులకు కొత్త మిక్సర్ కొనడానికి లక్షా ఇరవై వేల రూపాయల పద్దు చదివితే ఐదు నిమిషాలలో అందరూ చేతులెత్తారు. దాని తరువాతి పద్దు మా సంఘ గురువైన అయ్యగారికీ, ఆయన భార్య అమ్మగారికీ ఏడాదికొకసారి పూర్తి ఆరోగ్య పరీక్షలు చేయించడానికి ఎనిమిది వేలు. దాని మీద గంటకు పైగా చర్చ నడిచింది. "ఆయనకేం జబ్బు వచ్చిందని?" అని ఒకరు, "జబ్బు లేనప్పుడు పరీక్షలెందుకు?" అని మరొకరు, "దేవుని సేవకుణ్ణి దేవుడు చూసుకోడా?" అని వెనుక వరుసలోని ఒక పెద్దాయన అడిగారు. ఆ పెద్దాయన గుండెకు రెండు స్టెంట్లు పడ్డాయి. అవి వేసిన రోజున అయ్యగారు ఆస్పత్రి వరండాలో ఉదయం నుండి సాయంత్రం దాకా పచ్చి మంచినీళ్ళైనా ముట్టకుండా నిలబడ్డారని ఆ గదిలో ఉన్న ప్రతి ఒక్కరికీ తెలుసు.

నేనూ ఒక గురువు గారి కూతురిని. పదిహేడేళ్ళు వచ్చేదాకా సంఘం గురువుకు ఇచ్చే మిషన్ ఇళ్ళలోనే పెరిగాను. ఆరు ఊళ్ళు, ఆరు బడులు. కనుక ఈ విషయంలో నేను ఏ పక్షమూ లేకుండా మాట్లాడుతున్నానని ఎవరూ అనుకోవద్దు. ఆ రోజు సమావేశంలో చెప్పాలనుకుని, సగం చెప్పి, గొంతు పట్టేసి కూర్చున్న సంగతులను ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను.

నేను ఎనిమిదో తరగతిలో ఉన్న ఏడాది గుడ్ ఫ్రైడే నాడు మా నాన్నగారు సిలువ మీది ఏడు మాటల ధ్యానం నడిపిస్తూ నాలుగో మాట దగ్గర తడబడ్డారు. అప్పటికి రెండేళ్ళుగా ఆయనకు షుగరు వ్యాధి ఉంది. అలవాటు ప్రకారం పొద్దున్నే గ్లిబెన్‌క్లమైడ్ మాత్ర వేసుకున్నారు, గుడ్ ఫ్రైడే కనుక ఉపవాసం ఉన్నారు. ఆ మాత్ర పొట్టలో తిండి ఉన్నా లేకున్నా రక్తంలోని చక్కెరను దించుతూనే పోతుంది. ఏప్రిల్ నెల, రేకుల కప్పు కింద మిట్టమధ్యాహ్నం, ఒంటి మీద పొడవాటి అంగీ. చెమటలు ధారలు కట్టాయి, చేతులు వణికాయి, మాట ముద్దముద్దగా వచ్చింది. ప్రభువు శ్రమలు తలచుకుని అయ్యగారు దుఃఖం ఆపుకోలేకపోతున్నారని ముందు వరుసలోని ఆడవాళ్ళు కూడా ఏడవడం మొదలుపెట్టారు. ఒక పెద్ద లేచి ఆయన తల మీద చేయి వేసి బిగ్గరగా ప్రార్థన చేయసాగారు. సర్కారు దవాఖానాలో నర్సుగా పనిచేసే ఒకావిడ మాత్రం వెనుక నుండి పరుగెత్తుకొచ్చి, పక్క గదిలో టీ సామాను పెట్టుకునే డబ్బాలోంచి గుప్పెడు పంచదార తెచ్చి ఆయన నోట్లో పోసింది. పావుగంటలో తేరుకుని మిగిలిన మాటలు కూడా ముగించారు. ఆ తరువాత ఎన్నో ఏళ్ళు ఆ సంఘంలో ఆ గుడ్ ఫ్రైడే గురించి సాక్ష్యాలు చెప్పుకున్నారు. పంచదార సంగతి గాని, మాత్ర సంగతి గాని ఎవరూ చెప్పుకోలేదు.

గురువుల ఒళ్ళు పాడుకావడంలో సంఘం ప్రేమకే పెద్ద వాటా ఉందని నేను నమ్ముతాను. సందర్శనకు వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ టీ ఇస్తారు. వద్దంటే ఆ ఇంటివారిని చిన్నచూపు చూసినట్టు. ఫలానా వారింట తాగి మా ఇంట తాగలేదన్న మాట ఆదివారానికల్లా గుడి మెట్ల దాకా వచ్చేస్తుంది. పూటకు ఏడిళ్ళంటే ఏడు టీలు, ఒక్కొక్క దానిలో రెండేసి చెంచాల పంచదార. శనివారం వస్తే ఒకచోట గృహప్రవేశ ప్రార్థన, ఒకచోట పుట్టినరోజు కూటం, మరొకచోట సంస్మరణ కూడిక, మూడు చోట్లా బిర్యానీ, మూడు చోట్లా అయ్యగారి విస్తట్లో పెద్ద ముక్క. దానికి ముందు రోజే శుక్రవారపు ఉపవాస కూటం. ఒక రోజు పస్తు, మరుసటి రోజు విందు అనే ఈ పద్ధతి షుగరు ఉన్న మనిషికి ఎంత ప్రమాదమో ఏ డాక్టరునడిగినా చెబుతారు. దేశంలోని పెద్దవారిలో నూటికి 11.4 మందికి మధుమేహం ఉందని భారత వైద్య పరిశోధన మండలి చేయించిన దేశవ్యాప్త అధ్యయనం 2023లో తేల్చింది. గుడిలో ప్రసంగ పీఠం ఎక్కినంత మాత్రాన ఆ లెక్కలోంచి ఎవరికీ మినహాయింపు రాదు.

తిండి ఒక్కటే కాదు. రాత్రంతా ప్రార్థన జరిగిన కూటం నుండి తెల్లవారుజామున అయిదు గంటలకు మోటారు సైకిలు మీద ముప్పై కిలోమీటర్లు ఇంటికి వెళ్ళే గురువులు నాకు తెలిసిన వారిలోనే చాలామంది ఉన్నారు. ప్రార్థన ముగిసింది కనుక దేవదూతలు బండి నడుపుతారని మనం అనుకుంటాము గాని రాత్రంతా మేలుకున్న కళ్ళు మలుపులో మూసుకుపోతాయి. మా సంఘంలో ఇప్పుడు రాత్రి కూటం ఉంటే అయ్యగారు అక్కడే ఎవరింట్లోనైనా నాలుగు గంటలు పడుకుని ఎండ ముదరకముందు బయలుదేరాలి, లేదా ఎవరైనా కారులో దింపాలి. ఈ ఒక్క తీర్మానానికి మాత్రం కమిటీలో ఎవరూ అడ్డు చెప్పలేదు, ఎందుకంటే అలాంటి ప్రమాదం ఒకటి అందరం చూశాము. గొంతు సంగతి వేరే చెప్పాలి. మైకు ఉన్నా అరిచి చెప్పకపోతే వాక్యంలో అభిషేకం లేదనుకునే అలవాటు ఈ ముప్పై ఏళ్ళలో మన సంఘాలలో బాగా పాకింది. స్వరపేటిక మీద కాయలు కట్టి నెలల తరబడి మాట పోయిన ప్రసంగీకులు మన జిల్లాలలో తక్కువేమీ కాదు.

మన దేశంలో గురువుల ఆరోగ్యాన్ని ఒక సంఘమంతా కూర్చుని లెక్కగట్టిన దాఖలా నా కంటపడలేదు గాని అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో యునైటెడ్ మెథడిస్టు సంఘపు గురువుల మీద డ్యూక్ విశ్వవిద్యాలయం వారు చేసిన పని ఈ విషయంలో బాగా పేరు పొందింది. 2008లో వారు పంపిన ప్రశ్నలకు ఆ గురువులలో నూటికి 95 మంది జవాబిచ్చారు. నూటికి దాదాపు 40 మంది స్థూలకాయులని, అదే రాష్ట్రంలో అదే వయసున్న తక్కిన జనంలో ఆ లెక్క 29 దగ్గర ఉందని, షుగరు, బీపీ, ఉబ్బసం, కీళ్ళ జబ్బులు కూడా గురువులలోనే హెచ్చని తేలింది. కుంగుబాటు దేశపు సగటున నూటికి 5.5 ఉంటే వీరిలో 8.7 ఉంది. నన్ను ఆపేసిన విషయం ఇవేవీ కావు. ఇన్ని జబ్బులున్నా, మీ ఆరోగ్యం ఎలా ఉందని అడిగితే ఆ గురువులు తక్కిన జనం కంటే బాగుందని చెప్పుకున్నారు. అది చదివినప్పుడు మా నాన్నగారి గొంతు వినిపించింది. "నాకేమమ్మా, బ్రహ్మాండంగా ఉన్నాను" అన్న మాట ఆయన ఐసీయూలో కూడా అన్నారు.

మన చరిత్ర చూస్తే ఇందులో ఒక వింత ఉంది. గుంటూరుకు 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ పదిహేనేళ్ళ తరువాత 1898లో అక్కడ ఆడవారికీ పిల్లలకూ ఆస్పత్రి తెరిచారు. డిచ్‌పల్లిలో మెథడిస్టు మిషన్ వారు కుష్ఠు రోగుల కోసం ఒక ఊరినే కట్టారు. జమ్మలమడుగులో లండన్ మిషన్ వారి క్యాంబెల్ ఆస్పత్రి, ఒంగోలులో బాప్టిస్టు మిషన్ వారి క్లఫ్ ఆస్పత్రి, మెదక్‌లో మరొకటి. తెలుగు నేల మీద వైద్యం అందని వారికి వైద్యం అందించడమే సువార్తలో భాగమని నమ్మిన సంఘాలు ఇవి. ఆ సంఘాల వారసులమైన మేము మా సొంత గురువుకు ఏడాదికొక రక్త పరీక్ష అవసరమా కాదా అని గంటసేపు వాదించుకున్నాము.

"దేవుడు చూసుకోడా" అన్న ప్రశ్నకు ఆ రోజు నేను బైబిలులోని ఏలీయా కథ చెప్పాను. కర్మెలు కొండ మీద అగ్నిని దింపిన ప్రవక్త ఒక్క రోజు దాటేసరికి యెజెబెలు రాణి బెదిరింపుకు పారిపోయి, బెయేర్షెబా దాటి ఎడారిలో బదరీ వృక్షం కింద కూలబడి "ఇంతమట్టుకు చాలును" అని చావు కోరుకున్నాడు. దేవుడు ఆయనను తిట్టలేదు, నీ విశ్వాసం ఏమైందని అడగలేదు, ఇంకో ఉపవాసం ఉండమని చెప్పలేదు. పడుకోనిచ్చాడు. దూతను పంపి తట్టి లేపి నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్ళ బుడ్డి ఇప్పించాడు. తిని మళ్ళీ పడుకుంటే మళ్ళీ పడుకోనిచ్చి, మళ్ళీ తినిపించాడు. ప్రశ్నలన్నీ ఆ తరువాత, హోరేబు గుహ దగ్గర. ఆ సంభాషణ ముగిసే లోపల ఎలీషా అనే తోడును కూడా చూపించాడు. దేవుడు సేవకుణ్ణి చూసుకునే తీరు నిద్ర, తిండి, తోడు అని ఇక్కడ ఉంటే, ఆ మూడూ ఇవ్వకుండా దేవుని మీద భారం వేయడం మనకు తగునా అని అడిగాను. పెద్దాయన ఏమీ అనలేదు. ఓటు మాత్రం వేశారు.

ఒంటి సంగతి ఇలా తేలిపోయింది గాని మనసు సంగతి అంత సులువుగా తేలేది కాదు. మా నాన్నగారి జీవితంలో ఒక ఏడాది ఉంది. మా ఇంట్లో దాన్ని "గ్యాస్ ట్రబుల్ ఏడాది" అని పిలుచుకుంటాము, ఎందుకంటే ఇంటికి వచ్చిన వారందరికీ మా అమ్మ ఆ జబ్బే చెప్పింది. కమిటీ ఎన్నికలలో సంఘం రెండుగా చీలింది. ఒక వర్గం వారు గురువు గారు రెండో వర్గానికి కొమ్ము కాస్తున్నారని పైవారికి అర్జీలు పెట్టారు, ఆకాశరామన్న ఉత్తరాలు రాశారు, కానుకల లెక్క తేలాలని అడిగారు. విచారణలో లెక్క పైసాతో సహా సరిపోయింది. అప్పటికే నాన్నగారు ఇంట్లో మాట్లాడటం మానేశారు. రాత్రి రెండింటికి లేచి వరండాలో కూర్చునేవారు. ఆదివారం మాత్రం ప్రసంగం ఎప్పటిలాగే గట్టిగా చెప్పేవారు, మధ్యాహ్నం ఇంటికి వచ్చి బట్టలు మార్చుకోకుండానే గోడవైపు తిరిగి పడుకునేవారు. అప్పుడు నాకు పదిహేనేళ్ళు. అది కుంగుబాటు అనే జబ్బని, దానికి వైద్యం ఉందని తెలుసుకునేసరికి నాకు ముప్పై దాటాయి.

ఆయన ఎవరి దగ్గరికి వెళ్ళగలిగేవారో ఒకసారి ఆలోచించండి. పైఅధికారి దగ్గరికి వెళ్ళవచ్చు. మంచివారే, కాని విచారణ జరిపిస్తున్నది ఆయన, వచ్చే ఏడాది బదిలీ కాగితం మీద సంతకం పెట్టేదీ ఆయనే. తోటి గురువుల దగ్గరికి వెళ్ళవచ్చు; కాని మాది పట్టణం చర్చి, దాని కోసం కాచుకుని ఉన్నవారు వారిలోనే ముగ్గురు. సంఘ పెద్దల దగ్గరికి వెళితే ఏ వర్గం పెద్దల దగ్గరికి వెళ్ళారన్నదే వార్త. మానసిక వైద్యుడు ఊళ్ళో ఒకరుండేవారు, ఆయన క్లినిక్ బస్టాండు ఎదురుగా. గురువు గారు పిచ్చి డాక్టరు దగ్గరికి వెళ్ళారన్న మాట ఆయన మెట్లు దిగేలోపే ఊరంతా తిరిగేది. సంఘంలో అయిదు వందల కుటుంబాల కష్టాలు విన్న మనిషికి తన కష్టం చెప్పుకోవడానికి ఒక్క గడప లేకపోయింది.

ఆయనను ఆ ఏడాది గట్టెక్కించింది పక్క వీధిలోని కతోలిక విచారణ గురువు (విచారణ అంటే వారి స్థానిక సంఘం). సాయంత్రం ఆరు గంటలకు ఆ ఫాదర్ గారు మా గేటు దగ్గరికి వచ్చి "పదండి అయ్యగారూ, కాలువ గట్టు దాకా పోయొద్దాం" అనేవారు. ఇద్దరూ గంటసేపు నడిచి వచ్చేవారు. ఏం మాట్లాడుకున్నారో మాకు తెలియదు. ఇప్పుడు ఆలోచిస్తే ఆ స్నేహం ఎందుకు పనిచేసిందో అర్థమవుతుంది. ఫాదర్ గారి చేతిలో నాన్నగారి జీతం లేదు, బదిలీ లేదు, ఓటు లేదు. నాన్నగారి ఊరు ఆయనకు అక్కరలేదు. కాపరికి కూడా కాపరి కావాలని అందరూ అంటారు. ఆ కాపరి చేతిలో బదిలీ కాగితం ఉండకూడదన్నది నేను దానికి చేర్చే మాట, ఈ టపా రాయడానికి అసలు కారణం కూడా అదే. గురువుల క్షేమం చూసే బాధ్యతను, వారిపై చర్య తీసుకునే అధికారాన్ని ఒకే మనిషికి ఇచ్చి, ఆయన తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుందని చెప్పడం వల్ల ఉపయోగం లేదు. తలుపు తెరిచే ఉంటుంది, లోపలికి వెళ్ళే ధైర్యం ఎవరికీ ఉండదు.

కుంగుబాటు వచ్చిన గురువును విశ్వాసం లేనివాడిగా చూసేవారికి పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండు బాప్టిస్టు ప్రసంగీకుడు స్పర్జన్ గారి సంగతి గుర్తు చేయాలనిపిస్తుంది. ఆయన పేరు ఎత్తకుండా మన ప్రసంగీకులు నెల రోజులు ఉండలేరు. 1856 అక్టోబరు 19న లండన్‌లోని సర్రే గార్డెన్స్ మ్యూజిక్ హాలులో ఆయన ప్రసంగిస్తుండగా ఎవరో నిప్పు, నిప్పు అని అరిస్తే తొక్కిసలాటలో ఏడుగురు చనిపోయారు. ఆయనకప్పుడు 22 ఏళ్ళు, కవల పిల్లలు పుట్టి నెలయింది. ఆ దెబ్బ నుండి ఆయన పూర్తిగా ఎన్నడూ కోలుకోలేదు. కుంగుబాటు, కీళ్ళవాతం చివరిదాకా వెంటాడాయి. ఆయన దాన్ని దాచుకోలేదు, తన దగ్గర చదువుకునే యువ సేవకులకు పాఠంగా చెప్పారు. చలికాలాలలో పని ఆపి ఫ్రాన్స్ దక్షిణ తీరంలోని మెంటన్ పట్టణంలో విశ్రాంతి తీసుకునేవారు, 1892 జనవరి 31న అక్కడే కన్నుమూశారు. మన వేదికల మీద స్పర్జన్ గారి ప్రసంగాలు మాత్రమే ఎక్కాయి, ఆయన సెలవులు ఎక్కలేదు.

సెలవంటే గుర్తొచ్చింది. కతోలికులకు ఇది చట్టంలోనే ఉంది. 1983 నాటి వారి ధర్మశాస్త్ర సంహిత ప్రకారం గురువులకు ప్రతి ఏడాది తగినంత సెలవు హక్కుగా ఉంటుంది. విచారణ గురువు ఏడాదికి ఒక నెల దాకా విచారణ విడిచి వెళ్ళవచ్చు, రిట్రీట్ అనే ఏకాంత ధ్యానపు రోజులు ఆ నెలలో లెక్కకు రావు, రిట్రీట్‌కు వెళ్ళడం ఆయన విధి. జబ్బు చేసినా, ముసలితనం వచ్చినా చూసుకునే ఏర్పాటు ఉండాలని కూడా అదే సంహిత చెబుతుంది. కాలువ గట్టు ఫాదర్ గారితో ఒకసారి ఈ మాట అంటే నవ్వి, "నెల సెలవు కాగితం మీద ఉందమ్మా, ఆ నెల పూజ చెప్పే మనిషి కాగితం మీద లేడు" అన్నారు. ఆయనకు ఉన్న కష్టం మాకు లేనిది, అది ఒంటరితనం. రాత్రి వంటమనిషి మూతపెట్టి వెళ్ళిన అన్నం ఒక్కరే కూర్చుని తినేవారు. అందుకే మా అమ్మ ఆదివారం రాత్రి భోజనానికి ఆయనను పిలిచేది.

అమ్మ గురించి రాస్తే ఇది వేరే టపా అవుతుంది. జీతం లేని కొలువు ఆమెది: ఆదివార పాఠశాల, స్త్రీల మైత్రి, వచ్చినవారికి కాఫీ, పోయినవారింట ఓదార్పు, ఇన్ని చేసినా చీర కాస్త కొత్తదైతే ఒక మాట. పిల్లలమైన మేము గుడిలో నవ్వకూడదు, పరీక్షలో తప్పకూడదు. గురువు గారి ఆరోగ్యం అన్నప్పుడు ఆ ఇంట్లో ఎంతమంది ఉంటే అంతమందినీ కలిపి లెక్క వేయాలని మాత్రం చెప్పి ఆపుతాను.

డబ్బు మాట ఎత్తకుండా ఆరోగ్యం గురించి మాట్లాడటం నాకు చేతకాదు, నేను కోశాధికారిని. మిషన్ సంఘాలలో గురువుకు జీతం, ఇల్లు, ఏదో ఒక భవిష్య నిధి ఉంటాయి. జీతం నెల నెలా అందుతుందా అన్నది వేరే ప్రశ్న. పల్లెలలో సొంతంగా సంఘాలు నడిపే పాస్టర్లకు అదీ లేదు, ఆదివారం సంచిలో పడ్డదే ఆ వారం బియ్యం. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో మందిరాలు మూతపడినప్పుడు ఆ సంచి కూడా ఆగిపోయింది. మరుసటి ఏడాది రెండో అలలో బంధువులు కూడా దగ్గరికి రాని శవాలకు భూస్థాపన చేసినవారు వారే, వారిలో కొందరు తిరిగి రాలేదు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం అర్హులైన పాస్టర్లకు నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం ప్రకటించింది. దానిపై ఎవరి రాజకీయ అభిప్రాయం ఏదైనా, ఒక ఊరి సంఘం తన కాపరికి నెలకు అంత కూడా పోగుచేయలేకపోయిందన్న నిజం దాని వెనుక ఉంది. నలభై లోపు వయసున్న పాస్టర్లకు నేను చెప్పేది ఒక్కటే: బ్యాంకుకు వెళ్ళి అటల్ పెన్షన్ యోజనలో చేరండి, అరవై దాటాక నెలకు వెయ్యి నుండి అయిదు వేల దాకా ఖాయంగా వస్తుంది. డెబ్బై నిండినవారు ఆదాయంతో పని లేకుండా ఏడాదికి అయిదు లక్షల దాకా ఆస్పత్రి ఖర్చులు భరించే ఆయుష్మాన్ కార్డు తీసుకోవచ్చు. 2024 అక్టోబరు చివర నుండి ఈ వీలు ఉంది. దేవుడు ఇస్తాడని చెప్పి ఈ కాగితాల పని వాయిదా వేసే వారిని చూస్తే నాకు కోపం వస్తుంది. రిటైరైన నెలలో మిషన్ ఇల్లు ఖాళీ చేసి, ముప్పై నాలుగేళ్ళ సేవ తరువాత అరవై ఏళ్ళ వయసులో అద్దె ఇల్లు వెతుక్కున్న మనిషి కూతురిని నేను.

ఆత్మ సంగతి చివరకు వచ్చింది, నిజానికి అది మొదటి నుండీ ఇందులోనే ఉంది. నాన్నగారు రిటైరయ్యాక ఒకసారి నాతో, తన సేవలో చాలా ఏళ్ళు ప్రసంగం కోసం తప్ప బైబిలు తెరవలేదని చెప్పారు. ఏ వచనం చదివినా అది ఎవరికి చెప్పాలో ముందు తట్టేదట, తనకు చెప్పుకోవడం మరచిపోయారట. ప్రతి ఆదివారం ప్రభువు బల్ల రొట్టె, ద్రాక్షారసం అందరికీ ఇచ్చిన చేతులు అవి, ఆ చేతులకు ఇంకొకరు ఇవ్వడం ఏడాదికి ఒకటి రెండుసార్లు జరిగితే గొప్ప. కూటాల మీద కూటాలు నడిపి ఇంటికి వచ్చిన గురువుకు అలసట ఉంటుంది, ఆ అలసటను ఆయన ప్రార్థన అనుకుంటాడు. శిష్యులకు భోజనం చేయడానికైనా తీరిక లేనప్పుడు ఏకాంతంగా వచ్చి కొంచెంసేపు అలసట తీర్చుకొమ్మని యేసు చెప్పినట్లు మార్కు సువార్తలో ఉంది. మన క్యాలెండరులో శ్రమకాల కూటాలు, కోత పండుగ, ఉజ్జీవ సభలు, క్రిస్మస్ కేరోల్స్ అన్నిటికీ తేదీలున్నాయి, ఆ మాటకు తేదీ లేదు.

ఇక మా కమిటీ చేసినది, చేయలేకపోయినది రాస్తాను. ఆరోగ్య పరీక్షల పద్దు అనుకూలంగా ఎనిమిది, వ్యతిరేకంగా ఐదు ఓట్లతో నెగ్గింది. సోమవారం అయ్యగారికి సెలవు. ఆ రోజు చావు కబురు, ఆస్పత్రి కబురు తప్ప ఏదైనా కమిటీ కార్యదర్శికి ఫోను చేయాలని గుడి నోటీసు బోర్డు మీద రాయించాము. మొదటి నాలుగు సోమవారాలూ జనం పిలుస్తూనే ఉన్నారు, ఆయన వెళుతూనే ఉన్నారు. అయిదో వారం కార్యదర్శి ఆయన ఫోను అడిగి తీసుకున్నారు. సందర్శనలో టీకి బదులు మజ్జిగో మంచినీళ్ళో ఇవ్వమని ప్రకటన చేస్తే ఒకరిద్దరు నొచ్చుకున్నారు.

కాలువ గట్టు నుండి నేర్చుకున్నది ఒకటి చేశాము. మా ఊళ్ళో లూథరన్, బాప్టిస్టు, మా సంఘం, ఇద్దరు స్వతంత్ర పాస్టర్లు, కతోలిక ఫాదర్ గారు నెలకొకసారి కలిసి మధ్యాహ్న భోజనం చేస్తారు. వేర్వేరు సంఘాలవారు కనుక ఒకరి చర్చి మీద ఇంకొకరికి ఆశ ఉండదు. కార్యక్రమం లేదు, అధ్యక్షుడు లేడు, మినిట్స్ రాయరు. భోజనం ఖర్చు ఒక్కో నెల ఒక్కో సంఘానిది. దీనితో పాటు, శిక్షణ పొందిన కౌన్సెలర్‌తో మాట్లాడుకోవడానికి కొంత డబ్బు పక్కన పెట్టాము. వేలూరులోని క్రిస్టియన్ కౌన్సెలింగ్ సెంటర్ వంటి చోట్ల గురువుల పని ఎలాంటిదో తెలిసిన వారు దొరుకుతారు. ఆ బిల్లు మీద పేరు గాని, కారణం గాని అడగకూడదని నేను పట్టుబట్టి రాయించాను. ఆడిటరు అభ్యంతరం చెబితే ఆయనతో నేను తేల్చుకుంటాను. ఎవరికీ తెలియకుండా ఈ రాత్రే మాట్లాడాలనుకునే వారికి కేంద్ర ప్రభుత్వపు టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోను సేవ ఉంది. 14416కు ఏ వేళ ఫోను చేసినా తెలుగులోనే మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. ఆ అంకెను నోటీసు బోర్డు మీద అందరికోసమని రాయించాము, అయ్యగారి పడక గది కిటికీలోంచి ఆ బోర్డు కనిపిస్తుంది.

నెలకొక ఆదివారం వేరొకరు వాక్యం చెప్పి బల్ల ఇస్తే అయ్యగారు కుటుంబంతో కింద కూర్చోవాలన్నది చివరి తీర్మానం. జూలై మొదటి ఆదివారం రిటైరైన ఒక గురువు గారు వచ్చారు. మా అయ్యగారు అమ్మగారి పక్కన, నాలుగో వరుసలో కూర్చున్నారు. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో గుడిలో ఆయన పక్కన కూర్చోవడం అదే మొదటిసారి అని ఆవిడ తరువాత నాతో అన్నారు. కీర్తన ప్రకటించే సమయం వచ్చినప్పుడల్లా ఆయన లేవబోవడం, ఆవిడ మోచేతితో పొడవడం వెనుక వరుసలోంచి చూశాను. బల్ల దగ్గర మోకరించి రెండు చేతులూ చాచినప్పుడు ఆయన చాలాసేపు లేవలేదు, వెనుక వరుస ఆగిపోయింది, ఎవరూ తొందరపెట్టలేదు.

రిటైరయ్యే గురువుల ఇంటి కోసం నెలకు మూడు వేలు నిధిగా పక్కన పెట్టాలన్న నా ప్రతిపాదన మాత్రం నెగ్గలేదు. ఒక్కో గురువు మా దగ్గర నాలుగేళ్ళుంటారు, ఇంకో ఊరి సంఘం వారి గురువుకు మనమెందుకు ఇల్లు కట్టాలని అడిగారు. నాలుగేళ్ళకు ఎంత అవుతుందో, అన్ని సంఘాలూ అలాగే వేస్తే ముప్పై ఏళ్ళకు ఎంత అవుతుందో లెక్క కట్టి వచ్చే సమావేశానికి తీసుకురమ్మన్నారు. సమావేశం సెప్టెంబరు రెండో శనివారం. లెక్క సగం అయింది.